స్టీరింగ్ మాట వినని కారు

స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా కారు పక్కకు పోతుంటే లోపం ఎక్కడుందో ఎలా పట్టుకోవాలి? ఈ పూట నా ప్రసంగం దాని గురించే. అందులోనూ స్పోర్ట్స్ కారులా ఉండాలని చక్రాలు మార్చి, ఎత్తు తగ్గించి, ఇంజను బలం పెంచుకున్న బళ్ల గురించి. జంషెడ్‌పూర్‌లో ఏళ్ల తరబడి సస్పెన్షన్, అలైన్‌మెంట్ పనిలో ఉన్నవాణ్ని. ఈ ఊళ్లో కుర్రవాళ్లు ఎంతో ముచ్చటపడి చేయించుకున్న బండిని భయం భయంగా నడుపుతుండటం చూస్తుంటాను. ఆ భయం పోగొట్టడం సాధ్యమే. అయితే దానికో పద్ధతి ఉంది.

మొదట రెండు జబ్బుల్ని విడదీసుకోవాలి. ఒకటి, రోడ్డు మీద లారీల చక్రాలు తొక్కి తొక్కి పడిన గాడి ఎటు పోతే కారు కూడా అటు పోవడం. గాడిలోంచి తీద్దామంటే మొరాయిస్తుంది, గట్టిగా తిప్పితే ఒక్క ఉదుటున బయటికి దూకుతుంది. దీన్ని ట్రామ్‌లైనింగ్ అంటారు. రెండోది, గాడీ గుంటా ఏమీ లేని నున్నటి రోడ్డు మీద కూడా కారు కాసేపు ఇటు, కాసేపు అటు తేలిపోతూ ఉండటం. డ్రైవరు ప్రతి క్షణం చిన్న చిన్నగా సరిచేసుకుంటూ పోవాలి. గంట నడిపేసరికి భుజాలు పట్టేస్తాయి. మా షాపులకొచ్చేవాళ్లు రెండింటికీ ఒకే మాట చెబుతారు, స్టీరింగ్ లాగుతోందని. కానీ మొదటిదానికి కారణాలు ఎక్కువగా టైరులో, రిమ్ములో ఉంటాయి. రెండోదానికి కీళ్లలో, బుష్‌లలో, చక్రాల కోణాల్లో ఉంటాయి. మార్పులు చేసిన కారులో రెండూ కలిసి వస్తాయి. అందుకే చాలామంది మెకానిక్‌లు అక్కడ తికమకపడతారు.

మా ఊరి రోడ్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1945లో ఇక్కడ టెల్కో కంపెనీ పుట్టింది, రైలింజన్లు చేసింది. 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి లారీల తయారీ మొదలుపెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఉక్కు కార్ఖానా పనికి వచ్చి కదమలో, సోనారిలో, గోల్మురిలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో ఆ లారీలకు బోల్టు బిగించిన చేతులూ ఉన్నాయి. ఊరి లోపల, సాక్చి నుంచి బిష్టుపూర్ రామమందిరం దాకా రోడ్లు బాగుంటాయి. ప్లాస్టిక్ వ్యర్థాలు తారులో కలిపి వేసిన రోడ్లు కూడా ఇక్కడ ఉన్నాయి. అందువల్ల ఊళ్లో తిరిగినంతకాలం కారులో జబ్బు బయటపడదు. మాంగో వంతెన దాటి రాంచీ రోడ్డెక్కినప్పుడో, ఖర్కాయి అవతల ఆదిత్యపూర్ నుంచి కాండ్రా వైపు వెళ్లినప్పుడో బయటపడుతుంది. ఆ దారుల్లో రాత్రింబవళ్లు ఇనుప ఖనిజం, ఉక్కు చుట్టలు మోసే లారీలు నడుస్తాయి. ఎండాకాలం నలభై దాటిన వేడిలో తారు మెత్తబడుతుంది. సిగ్నళ్ల దగ్గర, ఎత్తు ఎక్కేచోట, నెమ్మదిగా కదిలే ఎడమ వరుసలో లారీ చక్రాల కింద రెండు పొడుగాటి గాళ్లు దిగుతాయి.

బరువుకీ రోడ్డు నష్టానికీ ఉన్న లెక్క చాలామందికి తెలియదు. 1958 నుంచి 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, పరీక్ష కోసమే రోడ్లు వేసి, వాటి మీద లారీలను పగలూ రాత్రీ తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం సుమారుగా ఆ బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందని తేలింది. అంటే బరువు రెట్టింపయితే నష్టం పదహారు రెట్లు. 2018లో మన దేశంలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెరిగింది ఎనిమిదో వంతే అనిపిస్తుంది. నాలుగో ఘాతం లెక్కలో చూస్తే రోడ్డుకు నష్టం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కాబట్టి గాళ్లు ఉంటాయి. రేపు కూడా ఉంటాయి. ఆ గాళ్ల మీద నడవగలిగేలా కారును ఉంచుకోవడమే మన చేతిలో ఉన్న పని.

ఇప్పుడు ఒక కారు సంగతి చెబుతాను. కదమలో మన తెలుగు కుటుంబం కుర్రాడు, ఆదిత్యపూర్‌లో ఉద్యోగం. సెకండ్ హ్యాండ్‌లో ఒక టర్బో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దానికి 15 అంగుళాల రిమ్ములు, 185/60 టైర్లు. వాటి స్థానంలో 17 అంగుళాల రిమ్ములు, 215/40 టైర్లు వేయించాడు. 40 మిల్లీమీటర్లు కిందికి దించే స్ప్రింగులు పెట్టించాడు. చక్రాలు మడ్‌గార్డు అంచుదాకా రావాలని ముందువైపు ఐదు మిల్లీమీటర్ల స్పేసర్లు కూడా. ఇంజను ట్యూనింగ్ మార్చి బలం పెంచాడు. చూడటానికి బండి నిజంగా అందంగా ఉంది. రాంచీ వెళ్లొచ్చాక నా దగ్గరికొచ్చాడు.

"బాబాయ్, చాండిల్ దాటిన దగ్గర్నుంచి లారీ పక్కన వెళ్లాలంటే చేతులు చెమటలు పట్టాయి. రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. రిపోర్టులో అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి" అన్నాడు.

"టైర్లలో గాలి ఎంత కొట్టిస్తున్నావు?" అని అడిగాను.

"ముప్పై ఎనిమిది. గుంటల్లో రిమ్ములు వంగిపోతాయని."

మొదటి జవాబు అక్కడే దొరికింది. ఆ కారుకు కంపెనీ చెప్పినది 32 పీఎస్ఐ. పొట్టి పక్కగోడ ఉన్న టైరు అసలే గట్టిగా ఉంటుంది, ఎక్కువ గాలితో ఇంకా బిగుసుకుపోతుంది. రోడ్డు మీది ప్రతి చిన్న వాలూ మింగకుండా నేరుగా స్టీరింగ్‌కు పంపిస్తుంది. అలాగని గాలి తగ్గిస్తే అన్నీ సర్దుకుంటాయని కాదు. కానీ పైసా ఖర్చు లేని పరీక్ష ముందు చెయ్యాలి. తెల్లవారి టైర్లు చల్లగా ఉండగా, నాలుగింటికీ ఒకే గేజ్‌తో గాలి చూసుకుని, ఆ తర్వాతే మిగతా మాట.

టైరు షాపువాళ్లు అతనితో, టైరు మొత్తం ఎత్తు మారలేదు కదా, ఏమీ కాదు అన్నారట. ఎత్తు మాట నిజమే. పాత టైరు వ్యాసం 603 మిల్లీమీటర్లు, కొత్తది 604. స్పీడోమీటర్ తప్పు చూపించదు. కానీ మారినవి వేరే ఉన్నాయి. టైరు నేలను తాకే ముక్క గురించి ఆలోచించండి. ముందు చక్రం మీద 350 కిలోల బరువు, టైరులో 32 పీఎస్ఐ గాలి ఉంటే ఆ ముక్క సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. వెడల్పు టైరు వేసినంతమాత్రాన ఆ వైశాల్యం పెద్దగా పెరగదు, ఆకారం మారుతుంది. పొడవు తగ్గి వెడల్పు పెరుగుతుంది. పొడవు ఉన్నప్పుడు తిన్నగా పోవాలనే గుణం టైరుకు సహజంగా ఉంటుంది, స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చే బలం దాని నుంచే చాలావరకు వస్తుంది. పొడవు తగ్గితే ఆ బలం తగ్గుతుంది. వెడల్పు పెరిగితే గాడి అంచు ఎక్కినప్పుడు బరువంతా టైరు ఒక చివరకు పోతుంది, చక్రాన్ని తిప్పేయడానికి ఎక్కువ దూరం నుంచి బలం దొరుకుతుంది. ఒకేసారి అటు పోయే శక్తి పెరిగింది, ఇటు నిలిచే శక్తి తగ్గింది.

ఇంకో మార్పు కంటికి కనపడదు. ముందు చక్రం కుడి ఎడమలకు తిరిగేటప్పుడు ఒక ఊహారేఖ చుట్టూ తిరుగుతుంది. పైన స్ట్రట్ బిగించిన చోటు నుంచి కింద బాల్ జాయింట్ గుండా ఆ రేఖను నేలదాకా సాగదీయండి. అది నేలను తాకేచోటుకూ, టైరు నడిమి భాగానికీ మధ్య ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. కంపెనీవాళ్లు మిల్లీమీటర్లలో లెక్కవేసి పెట్టే దూరం అది. 1972లో వచ్చిన ఆడి 80 కారులో ఆ రేఖ టైరు నడిమి భాగానికి బయటివైపు నేలను తాకేలా కావాలనే పెట్టారు. ఒక పక్క బ్రేకు పట్టకపోయినా కారు తిన్నగా ఆగాలని. ఇప్పుడు ముందు చక్రాలతో నడిచే కార్లలో చాలావాటికి ఆ పద్ధతే. రిమ్ము మీద ఈటీ అని ఒక అంకె అచ్చుపోసి ఉంటుంది. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్యగీత నుంచి హబ్‌కు ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో ఆ అంకె చెబుతుంది. ఈ కుర్రాడి పాత రిమ్ము ఈటీ 40. కొత్తది 30. దానికి ఐదు మిల్లీమీటర్ల స్పేసర్. మొత్తం టైరు పదిహేను మిల్లీమీటర్లు బయటికి జరిగింది. కంపెనీ మిల్లీమీటర్లలో లెక్కించి పెట్టిన దూరం కాస్తా గల్లంతయింది. గాడి అంచు తగిలినా, ఒక చక్రం నీళ్లగుంటలో పడినా, బ్రేకు ఒక వైపు కాస్త ముందు పట్టినా, ఆ దెబ్బంతా స్టీరింగ్‌కు వస్తుంది.

దీన్ని రుజువు చేసుకోవడానికి అన్నిటికంటే మంచి పరీక్ష ఒకటి ఉంది. పాత రిమ్ములు, పాత టైర్లు తిరిగి వేసి, అదే రోడ్డు మీద, అదే వేగంతో నడిపి చూడటం. దీనికి మించిన యంత్రం ఏ షాపులోనూ లేదు. అదృష్టవశాత్తు అతని పాత చక్రాలు ఇంట్లో అటక మీద ఉన్నాయి. వేసి, ఆదిత్యపూర్ దారిలో ఉదయం రద్దీ లేనప్పుడు నలభై, యాభై వేగంలో పోనిచ్చాం. గాడిని వెంబడించడం చాలావరకు పోయింది. కానీ నున్నటి చోట కారు తేలడం మాత్రం అలాగే ఉంది. జబ్బు రెండు ముక్కలుగా విడిపోయింది. సగం పని అయినట్టే.

రోడ్డు మీద పరీక్ష చేసేటప్పుడు ఏం గమనించాలో చెబుతాను. మన దేశంలో నీళ్లు పోవడానికి రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఎడమ వరుసలో పోయే ఏ కారైనా కాస్త ఎడమకు జరుగుతుంది, అది లోపం కాదు. రోడ్డుకు అటూ ఇటూ వాలు లేని చోటు చూసుకోవాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడే లాగితే అది ఇంజను బలం వల్ల స్టీరింగ్‌కు వచ్చే గుంజుడు. బలం పెంచిన టర్బో కార్లలో అది మామూలు. బ్రేకు వేసినప్పుడే లాగితే క్యాలిపర్‌నో లోయర్ ఆర్మ్ బుష్‌నో చూడాలి. యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒకవైపు, వదిలినప్పుడు రెండోవైపు లాగితే దాదాపు ఖాయంగా బుష్ పోయినట్టే. స్టీరింగ్‌ను ఎటు తిప్పి వదిలితే అటే ఉండిపోయి, మధ్యకు రావడానికి బద్ధకిస్తే స్ట్రట్ పైన ఉండే బేరింగ్ పట్టేసిందేమో చూడాలి. స్ప్రింగులు మార్చేటప్పుడు ఆ బేరింగ్‌ను తిరగేసి పెట్టడం, బిగుతుగా లాగేయడం అక్కడక్కడా జరుగుతుంటుంది.

తర్వాత టైరును చేత్తో చూడాలి. ఈ పని నేను ఎవరికీ అప్పగించను. అరచేతిని టైరు ముఖం మీద లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి నెమ్మదిగా రాయాలి. ఒకవైపు జారుతూ పోయి, రెండోవైపు రంపపు పళ్లలా గుచ్చుకుంటే చక్రాలు తిన్నగా నిలబడలేదని అర్థం. అది యంత్రం చెప్పేదానికంటే నమ్మకమైన సాక్ష్యం. ఎందుకంటే యంత్రం కారు ఆగి ఉండగా కొలుస్తుంది, టైరు మాత్రం వేల కిలోమీటర్లు నడిచినప్పుడు ఏం జరిగిందో చెబుతుంది. ఆ కుర్రాడి కారులో లోపలి అంచులు అరిగి ఉన్నాయి, గీతలు పదునుగా తగిలాయి. రిపోర్టు ఆకుపచ్చగా ఉన్నా, నడకలో చక్రాలు బయటికి విచ్చుకుంటున్నాయన్నమాట. టైరు పక్కన నాలుగంకెల తేదీ కూడా చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. పాతబడి గట్టిపడ్డ టైరు ఎంత ఖరీదైనదైనా గాడిని వదలదు.

ఇక కారును జాకీతో లేపాలి. లేపిన కారు కింద స్టాండు పెట్టకుండా ఎవరూ తల దూర్చవద్దు. చక్రాన్ని గడియారంలో తొమ్మిది, మూడు ఉండేచోట పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్, స్టీరింగ్ ర్యాక్‌లో లూజు తెలుస్తుంది. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపితే బేరింగ్, బాల్ జాయింట్ సంగతి తెలుస్తుంది. అయితే జాకీ మీద బిగువుగా అనిపించే కీలు బరువు పడ్డాక కదలవచ్చు. అందుకని కారు దించి, ఇంజను ఆన్ చేసి, ఒకరు లోపల కూర్చుని స్టీరింగ్‌ను రెండు అంగుళాల మేర అటూ ఇటూ ఆడిస్తూ ఉంటే, ఇంకొకరు కింద ఒక్కో కీలు మీద వేళ్లు పెట్టి చూడాలి. కంటికి కనపడని కదలిక వేలికి తెలుస్తుంది. ఆ కారులో ఎడమ టై రాడ్ ఎండ్‌లో కొంచెం లూజు ఉంది. కుడి లోయర్ ఆర్మ్ వెనక బుష్ రబ్బరు చీలిపోయింది.

బుష్ ఎందుకు చీలిందో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలా షాపులు తప్పు చేస్తాయి. ఈ బుష్‌లలో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికీ, బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు రబ్బరు మెలితిరుగుతుంది. కారు గాల్లో ఉండగా, చక్రాలు వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడే ఉంటుంది. ఎప్పుడూ ఆ మెలికతోనే నడుస్తుంది, కొన్ని నెలల్లో చిరిగిపోతుంది. చక్రాల మీద కారు బరువు పడ్డాకే ఆ బోల్టును చివరిగా బిగించాలి. స్ప్రింగులు మార్చినవారు ఎవరైనా సరే ఈ ఒక్క ప్రశ్న మెకానిక్‌ను అడగండి, బోల్టు ఎప్పుడు బిగించావని.

ఇప్పుడు అలైన్‌మెంట్ రిపోర్టు దగ్గరికి వద్దాం. ఆకుపచ్చ రంగు చూసి సంతోషపడకుండా అంకెలు చదవడం నేర్చుకోవాలి. ముందు చక్రాలు పైనుంచి చూస్తే లోపలికి ముడుచుకున్నాయా, బయటికి విచ్చుకున్నాయా చెప్పేది టో. కాస్త లోపలికి ఉంటే కారు నిలకడగా పోతుంది. బయటికి ఉంటే ఏ చక్రం మీద బరువు పడితే ఆ చక్రం కారును తనవైపు తీసుకుపోతుంది. డిగ్రీలో పదో వంతు అంటే 17 అంగుళాల రిమ్ము మీద ముప్పాతిక మిల్లీమీటరు. అంత చిన్న కొలతతో కారు స్వభావం మారిపోతుంది. క్యాస్టర్ అనేది సైకిల్ ముందు ఫోర్కు వాలు లాంటిది. చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా తోడ్పడుతుంది. కారులో కుడి ఎడమల క్యాస్టర్‌కు అర డిగ్రీ మించి తేడా ఉంటే, తక్కువ ఉన్న వైపు లాగుతుంది. చక్రం పైభాగం లోపలికో బయటికో ఒరగడం క్యాంబర్. మలుపుల్లో పట్టు కోసం లోపలి ఒరుగును పెంచుతారు. కానీ మామూలు రోడ్డు మీద ఎక్కువ క్యాంబర్ ఉంటే గాడి తాకినప్పుడల్లా ఒక చక్రం గెలుస్తుంది, ఒకటి ఓడుతుంది, స్టీరింగ్ ఊగుతుంది. వెనక చక్రాలను కూడా వదలకూడదు. అవి పక్కకు చూస్తుంటే కారు ఏటవాలుగా నడుస్తుంది, ముందు ఎంత సరిచేసినా లాభం లేదు. నాలుగు చక్రాల కొలతలూ కావాలని అడగండి.

అన్నీ చూశాక కూడా మిగిలే లోపం ఒకటి ఉంది. ఎత్తు తగ్గించిన కార్లలో ఎక్కువ బాధపెట్టేది అదే. చక్రం పైకీ కిందికీ కదిలేటప్పుడు లోయర్ ఆర్మ్ ఒక వంపులో కదులుతుంది, టై రాడ్ ఇంకో వంపులో కదులుతుంది. కంపెనీవాళ్లు ఆ రెండు వంపులు ఒకదానికొకటి సరిపోయేలా, ఒక నిర్ణీత ఎత్తు దగ్గర పెట్టి ఉంచుతారు. నలభై మిల్లీమీటర్లు దించితే ఆ ఎత్తు పోతుంది. గుంట తగిలి చక్రం పైకి లేచినప్పుడల్లా ఎవరూ స్టీరింగ్ తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. దీన్ని బంప్ స్టీర్ అంటారు. షాపులో ఆగి ఉన్న కారులో ఇది కనపడదు, రిపోర్టు ఆకుపచ్చగానే ఉంటుంది. ఆ కుర్రాడి ప్రశ్నకు జవాబు ఇదే.

దీన్ని పట్టుకోవడానికి ఖరీదైన యంత్రం అక్కర్లేదు. సమతలంగా ఉన్న నేల మీద కారు నిలిపి, హబ్ ఎత్తులో కారు నడిమి గీతకు సమాంతరంగా రెండు పక్కలా నైలాన్ దారం బిగించాలి. దారానికీ రిమ్ము ముందు అంచుకూ దూరం, వెనక అంచుకూ దూరం స్టీలు స్కేలుతో కొలవాలి. తేడాయే టో. ఆ తర్వాత ముందు సీట్ల దగ్గర, బానెట్ మీద గోనెసంచి పరచి ఇసుక బస్తాలు పెట్టి, కారు రెండు సెంటీమీటర్లు దిగేలా చేసి, ముందుకూ వెనక్కూ ఒకసారి దొర్లించి, మళ్లీ కొలవాలి. సరిగ్గా ఉన్న కారులో అంకె పెద్దగా మారదు. ఈ కారులో ఒక్కో చక్రం మూడు మిల్లీమీటర్లు బయటికి తిరిగింది. అంటే హైవే మీద చిన్న ఎత్తుపల్లం వచ్చిన ప్రతిసారీ ముందు చక్రాలు విచ్చుకుంటున్నాయి. టైరు లోపలి అంచు అరిగిందీ, కారు తేలుతున్నదీ అందుకే. ఆ అంకెను అతని చేతనే చదివించాను. అప్పుడతని ముఖంలో అనుమానం పోయింది.

ఏం చేశామంటే, టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్ బుష్‌లు కొత్తవి వేశాం. స్పేసర్లు తీసేశాం. స్ప్రింగులు కంపెనీవే తిరిగి పెట్టాం. రిమ్ముల విషయంలో అతను బాధపడ్డాడు, అది సహజం. అదే మోడల్‌లో పై రకానికి కంపెనీ ఇచ్చే 16 అంగుళాల రిమ్ము, 195/50 టైరు, ఈటీ 40 ఎంచుకున్నాం. వ్యాసం 601 మిల్లీమీటర్లు, పక్కగోడ 97, పాత వెడల్పు టైరు పక్కగోడ 86. ఆ పదకొండు మిల్లీమీటర్ల రబ్బరు రోడ్డు దెబ్బల్ని ఎంత తినేస్తుందో నడిపితే తప్ప తెలియదు. బోల్టులన్నీ బరువు మీద బిగించి, చివరగా నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేసి, స్టీరింగ్ కోణం చెప్పే సెన్సర్‌ను మధ్యకు తెచ్చాం. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న కార్లలో ఆ చివరి పని మరచిపోతే మోటారే కారును పక్కకు నెడుతుంది.

దించిన కారు నచ్చినవాళ్లకు దాన్ని పూర్తిగా వదులుకోమని నేను చెప్పను. పదిహేను, ఇరవై మిల్లీమీటర్లు దించినా టై రాడ్ ఎత్తును సరిచేసే భాగాలు కొన్ని మోడళ్లకు దొరుకుతాయి. అవి కొలిచి వేసే చెయ్యి ఉంటే ఫరవాలేదు. అయితే చట్టం మాట కూడా వినాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న కంపెనీ వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఇదే సంగతి గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. ప్రమాదం జరిగిన రోజు బీమా కంపెనీవాళ్లు ఇలాంటి మార్పులు చూడవచ్చు. మార్పు చేసేముందు రవాణా కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి తెలియజేసి చెయ్యండి.

ఇంకొక్క మాట, ఇది మెకానిక్ సోదరులకు. బండి లాగుతోందని ఎవరైనా వస్తే నేరుగా అలైన్‌మెంట్ యంత్రం ఎక్కించకండి. ఏమేం మార్చారు, ఏది ఎప్పుడు మార్చారు, జబ్బు ఏ మార్పు తర్వాత మొదలైంది అని కాగితం మీద రాయించుకోండి. లూజు ఉన్న కీలు మీద చేసిన అలైన్‌మెంట్ షాపు గేటు దాటేలోపే చెడుతుంది. ఒకేసారి నాలుగు భాగాలు మార్చేస్తే ఏది నయం చేసిందో మీకూ తెలియదు, డబ్బిచ్చినవాడికీ తెలియదు. ఒక్కొక్కటే మార్చి, నడిపి, కొలిచి చూడండి.

కారు మార్పించుకోబోయే కుర్రవాళ్లను అడిగేది ఇది. కంపెనీ స్ప్రింగులు, కంపెనీ రిమ్ములు వచ్చిన ధరకు అమ్మేయకండి. గుడ్డ చుట్టి ఇంట్లో దాచుకోండి. రేపు కారు గాడి వదలనంటే తప్పెక్కడుందో మీకు ముందుగా చెప్పేవి అవే. టై రాడ్‌లోనో, బాల్ జాయింట్‌లోనో లూజు ఉందని తెలిసిన రోజున మాత్రం ఆ కారును రాంచీ రోడ్డు ఎక్కించవద్దు. ఆ రోజు బస్సులో వెళ్లండి.